ఐఓటీ ఎక్కడ మొదలుపెట్టాలి? మూడు రోజుల సర్టిఫికెట్ పట్టుకుని ఇంటర్వ్యూకు వెళ్లి తలదించుకుని వచ్చాను

హన్మకొండ_ఈసీఈ

నేను హన్మకొండ దగ్గరి ఒక ఇంజినీరింగ్ కళాశాలలో ఈసీఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. నిరుడు మాకు ఐఓటీ, అంటే వస్తువులను ఇంటర్నెట్‌కు కలిపే 'ఇంటర్నెట్ ఆఫ్ థింగ్స్' మీద మూడు రోజుల వర్క్‌షాప్ పెట్టారు. ఫోన్‌తో ఎల్‌ఈడీ వెలిగించాం, డీహెచ్‌టీ11 సెన్సర్ చెప్పిన గది ఉష్ణోగ్రతను వెబ్ పేజీలో చూశాం, మూడో రోజు సాయంత్రం సర్టిఫికెట్లతో ఫొటో దిగాం. ఆ ధైర్యంతోనే మినీ ప్రాజెక్టుగా 'స్మార్ట్ ఇరిగేషన్' ఎంచుకున్నాం. దాచుకోకుండా చెబుతున్నాను, దానిని మేము తయారు చేయలేదు. నలుగురం తలా కొంత వేసుకుని హైదరాబాద్‌లో ఒక దుకాణంలో తయారుగా ఉన్నదానిని కొనుక్కొచ్చాం.

గత వారం ఒక ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూలో "మీ పరికరానికి వైఫై పోయి పదిహేను నిమిషాలైతే అది ఏం చేస్తుంది?" అని అడిగారు. "మళ్లీ వైఫై వస్తుంది సార్" అన్నాను. ఆయన నవ్వినా బాగుండేది, నవ్వకుండా కాగితం మీద ఏదో రాసుకున్నారు.

అమీర్‌పేటలో ఒక శిక్షణ సంస్థ మూడు నెలల ఐఓటీ కోర్సుకు 40 వేల రూపాయలు అడుగుతున్నది. అది మా నాన్న పత్తి అమ్మిన డబ్బు. కట్టాలా? సి భాష తప్పనిసరిగా రావాలా, పైథాన్ సరిపోదా? అన్నిటికంటే ముందు, ఐఓటీ ఇంజినీరు అనే ఉద్యోగం నిజంగా ఉన్నదా?

పాత_రేడియో

కట్టకండి. ఒక ఈఎస్‌పీ32 (వైఫై ఉన్న చిప్) బోర్డు, బ్రెడ్‌బోర్డు, నాలుగైదు సెన్సర్లు, మామూలు మల్టీమీటర్, సోల్డరింగ్ ఐరన్, అన్నీ కలిపినా ఆ ఫీజులో పదో వంతు కావు. కోఠిలో గుజరాతీ గల్లీకి ఒక్కరోజు వెళ్లి రండి. యూఎస్‌బీ తీగ కొనేటప్పుడు మాత్రం అది డేటా కూడా మోసేదేనా అని అడిగి తీసుకోండి. ఛార్జింగ్‌కు మాత్రమే పనికివచ్చే తీగతో రెండు రోజులు కుస్తీ పట్టి, బోర్డు చెడిపోయిందని తిరిగి ఇచ్చేసిన వారిని నేను చాలామందిని చూశాను.

కాజీపేట_ప్యాసింజర్

"మళ్లీ వస్తుంది" అనేది అంత తప్పు సమాధానమేమీ కాదు. ప్లాట్‌ఫారం మీద నిలబడి మేము రైలు గురించి రోజూ అనుకునే మాట అదే.

రాత్రి_ఫర్మ్‌వేర్

మాది పరకాల. ఎనిమిదేళ్లుగా హైదరాబాద్‌లో ఎంబెడెడ్ పని, అంటే పరికరాల లోపలి చిప్‌లకు ప్రోగ్రాం రాసే పని, చేస్తున్నాను. చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. 'ఐఓటీ ఇంజినీరు' అనే పేరుతో వచ్చే ఉద్యోగ ప్రకటనలు తక్కువ, ఆ పని చేసే ఉద్యోగాలు ఎక్కువ. ఫర్మ్‌వేర్ (చిప్‌లో ఉండే ప్రోగ్రాం) ఇంజినీరు, హార్డ్‌వేర్ డిజైన్, బ్యాకెండ్ డెవలపర్, టెస్ట్ ఇంజినీరు, ఇన్‌స్టాలేషన్ చూసే ఫీల్డ్ ఇంజినీరు, ఇలా వేర్వేరు పేర్ల కింద ఉంటాయి. కాబట్టి ఐఓటీ అని వెదకడం మానేసి, వీటిలో మీ చేయి ఏ పనిలో బాగా తిరుగుతుందో చూసుకోండి.

ఇక మిమ్మల్ని అడిగిన ప్రశ్న చాలా మంచిది. వారు మీ నుంచి వైఫై పాఠం ఆశించలేదు. మనిషి పక్కన లేనప్పుడు ఆ డబ్బా ఎలా బతుకుతుందో ఆలోచించారా అని చూశారు. నేనైతే ఇలా చెప్పేవాడిని: పరికరం మళ్లీ మళ్లీ కలిసే ప్రయత్నం చేస్తుంది, అయితే సెకనుకోసారి కాకుండా ప్రతి ప్రయత్నానికీ మధ్య వ్యవధిని పెంచుకుంటూ పోతుంది; ఆలోపు వచ్చిన రీడింగులను సమయంతో సహా ఫ్లాష్‌లో దాచి, నెట్ వచ్చాక వరుసగా పంపుతుంది; మోటరు ఆపాలా నడపాలా అన్న నిర్ణయం మాత్రం నెట్ కోసం ఎదురుచూడకుండా అక్కడికక్కడే తీసుకుంటుంది; ప్రోగ్రాం ఎక్కడైనా బిగుసుకుపోతే వాచ్‌డాగ్ టైమర్ దానిని రీసెట్ చేస్తుంది.

సి భాష విషయానికి వస్తే, ఆర్డుయినో ఊనోలోని ఏటీమెగా328పీ చిప్‌లో ప్రోగ్రాంకు 32 కిలోబైట్లు, ర్యామ్ 2 కిలోబైట్లు మాత్రమే ఉంటాయి. అంత ఇరుకు గదిలో సామాను సర్దడం నేర్చుకున్నవారికి పెద్ద ఇంట్లో ఇబ్బంది ఉండదు. 520 కిలోబైట్ల ర్యామ్ ఉన్న ఈఎస్‌పీ32 మీద మైక్రోపైథాన్ చక్కగానే నడుస్తుంది, ప్రయోగానికి వాడుకోండి. కానీ ఫర్మ్‌వేర్ ఉద్యోగపు ఇంటర్వ్యూలో పాయింటర్లు, బిట్ ఆపరేషన్లు, ఇంటరప్టులు, వోలటైల్ ఎందుకు వాడతాం అన్నవి అడగకుండా వదిలిన వారిని నేను చూడలేదు. మరొక మాట: మీ ప్రోగ్రాం నిండా డిలే (ఇంతసేపు ఆగు అనే ఆదేశం) అని ఉంటే, ఇంటర్వ్యూ చేసేవారు మొదటి పేజీలోనే మిమ్మల్ని అంచనా వేసేస్తారు. ఆ సమయమంతా చిప్ చేతులు కట్టుకుని కూర్చుంటుంది కదా. బోర్డు మొదలయ్యాక గడిచిన మిల్లీసెకన్లు చెప్పే మిల్లిస్‌తో సమయం లెక్కపెట్టుకుంటూ రెండు పనులను పక్కపక్కన నడిపించడం ముందు నేర్చుకోండి.

డేటా_దారి

పై సభ్యుడితో సగమే ఏకీభవిస్తాను. ఐఓటీ అనగానే అందరూ సోల్డరింగ్ దగ్గరే ఆగిపోతారు. నేను కాకతీయ విశ్వవిద్యాలయంలో ఎంసీఏ చదివాను, నాకు రెసిస్టర్ రంగులు ఇప్పటికీ గుర్తుండవు, అయినా ఆరేళ్లుగా ఇదే రంగంలో జీతం తీసుకుంటున్నాను. వేలాది మీటర్ల నుంచి వచ్చే కబుర్లను అందుకోవడం, సరిచూడడం, డేటాబేస్‌లో పెట్టడం, తెర మీద చూపించడం నా పని. దానికి పైథాన్, ఎస్‌క్యూఎల్, లినక్స్, కొంత నెట్‌వర్కింగ్ కావాలి.

ముఖ్యంగా ఎంక్యూటీటీ, అంటే పరికరాలు చిన్న చిన్న కబుర్లు పంపుకునే పద్ధతి, కావాలి. 'ఇంటర్నెట్ ఆఫ్ థింగ్స్' అన్న మాటను కెవిన్ ఆష్టన్ వాడిందీ, ఐబీఎంలోని ఆండీ స్టాన్‌ఫర్డ్-క్లార్క్, ఆర్లెన్ నిప్పర్‌తో కలిసి ఎంక్యూటీటీని రూపొందించిందీ ఒకే సంవత్సరం, 1999. ఎడారిలో పోయే చమురు పైపులైన్ల సమాచారాన్ని ఖరీదైన ఉపగ్రహ లింకు మీదుగా తక్కువ బైట్లలో పంపడం కోసం దానిని తయారు చేశారు. అందుకే మన ఊళ్లలోని బలహీనమైన సిగ్నల్‌కూ అది సరిపోతుంది.

వైఫై పోతే ఏమవుతుందన్న ప్రశ్నకు సర్వరు వైపు నుంచి కూడా ఒక జవాబు ఉన్నది. పరికరం బ్రోకర్‌తో, అంటే కబుర్లను అందుకుని పంచే సర్వరుతో, కలిసేటప్పుడే "నేను చెప్పకుండా మాయమైతే ఈ మాట అందరికీ చెప్పు" అని ఒక వీలునామా రాసి పెట్టవచ్చు. కీప్ అలైవ్, అంటే 'ఉన్నాను' అని చెప్పాల్సిన గడువు, 60 సెకన్లు అనుకుంటే, దానికి ఒకటిన్నర రెట్లు, అంటే 90 సెకన్ల పాటు ఏ కబురూ లేకపోతే బ్రోకర్ ఆ వీలునామాను చదివి వినిపిస్తుంది.

మరొకటి, నేను చేతులు కాల్చుకుని నేర్చుకున్నది. క్యూఓఎస్ 1 అనే ఎంక్యూటీటీ చేరవేత స్థాయిలో కబురు 'కనీసం ఒకసారి' చేరుతుంది, అంటే రెండుసార్లు కూడా చేరవచ్చు. నేను మొదట్లో "మోటరు స్థితిని మార్చు" అనే కమాండ్ రాశాను. అది రెండుసార్లు చేరితే మోటరు ఆన్ అయి వెంటనే ఆఫ్ అవుతుంది. "మోటరును ఆన్‌లో ఉంచు" అని రాసి ఉంటే పదిసార్లు చేరినా నష్టం లేదు. ఈ తేడాను ఏ వర్క్‌షాప్‌లోనూ చెప్పరు.

రాత్రి_ఫర్మ్‌వేర్

ఆ చివరి పేరా కోసం మీ మీది కోపమంతా పోయింది. అయినా ఈసీఈ చదివిన అబ్బాయి హార్డ్‌వేర్‌ను వదిలి, కంప్యూటర్ సైన్స్ వారితో పైథాన్‌లో పోటీ పడటం నాకు నచ్చదు. తన చేతిలో ఉన్న ముక్కను తానే కింద వేసుకున్నట్టవుతుంది.

మోటరు_డాక్టర్

నేను ఐటీఐ ఎలక్ట్రీషియన్‌ను, నర్సంపేట వైపు మోటర్లు, స్టార్టర్లు బాగు చేస్తాను. మీరు ఐఓటీ అంటున్నది మా దగ్గర ఎప్పటి నుంచో ఉన్నది, పేరు మాత్రం వేరు. మా పెదనాన్న దానిని "బాయి కాడికి పోకుంట మోటరు బందు జేసే డబ్బా" అంటాడు.

ఇంజినీరింగ్ పిల్లలు తెచ్చే ప్రాజెక్టులలో నేను చూసిన లోపాలు రెండు మూడు చెబుతాను. జీఎస్‌ఎం డబ్బాలో ఎస్‌ఐఎం800ఎల్ మాడ్యూల్ పెట్టి, అందులో జియో సిమ్ వేసి "సిగ్నల్ రావడం లేదు" అంటారు. ఆ మాడ్యూల్‌కు 2జీ తప్ప మరొకటి తెలియదు, జియోకు 2జీ లేదు. రెండవది, అది టవర్‌తో మాట్లాడే క్షణంలో రెండు ఆంపియర్ల దాకా లాగుతుంది. ఫోన్ ఛార్జర్ లాంటి చిన్న సరఫరా ఇస్తే ప్రతి కాల్‌కూ రీసెట్ అవుతుంది. మూడవది అసలైనది. మూడు ఫేజులలో ఒకటి పోతే మోటరు గుడగుడమంటూ వేడెక్కి వైండింగ్ కాలిపోతుంది. బావిలో నీళ్లు లేకుండా తిరిగినా మోటరు పాడవుతుంది. ఇవి రెండూ చూసుకోని స్మార్ట్ స్టార్టర్ కంటే, చేత్తో నొక్కే ఆకుపచ్చ బటన్ మేలు. యాప్ ఎంత అందంగా ఉన్నా వైండింగ్‌కు అయ్యే ఖర్చు రైతుదే.

ఇంకా, నేలలో గుచ్చే ఆ రెండు కాళ్ల తేమ సెన్సర్‌ను దయచేసి ఎవరూ మా చేలలోకి తీసుకురావద్దు.

హన్మకొండ_ఈసీఈ

మేము కొన్న ప్రాజెక్టులో ఉన్నది సరిగ్గా అదే. పూలకుండీలో పెడితే నెల తిరిగే సరికి కాళ్లు ఆకుపచ్చగా మారి, పొడి మట్టిని కూడా తడి అనడం మొదలుపెట్టింది. ప్రదర్శన రోజున గ్లాసు నీళ్లలో ముంచి చూపించాం కాబట్టి గట్టెక్కాం.

పాత_రేడియో

ఆ కాళ్ల మధ్య ఎల్లప్పుడూ కరెంటు పారుతుంటే తడి మట్టిలో విద్యుద్విశ్లేషణ జరిగి లోహం కరిగిపోతుంది. కొలిచే క్షణంలో మాత్రమే కరెంటు ఇస్తే కొంత కాలం బతుకుతుంది. లోహం మట్టికి తగలని కెపాసిటివ్ రకం వాడితే ఇంకా మంచిది, కాకపోతే దాని పై భాగంలోని భాగాలకు నీరు తగలకుండా పూత వేయాలి. ఏ రకమైనా మీ నేలకు సరిచూసుకోవాలి. నల్లరేగడిలో తీసుకున్న అంకెలు చెల్క నేలకు చెల్లవు.

రామగుండం_షిఫ్ట్

ఇంతసేపూ అందరూ పొలం, ఇల్లు అంటున్నారు. ఫ్యాక్టరీల వైపు కూడా ఒకసారి చూడండి. నేను డిప్లొమా చేసి ఒక ప్లాంటులో ఇన్‌స్ట్రుమెంటేషన్ విభాగంలో పని చేస్తున్నాను. మా దగ్గర సెన్సర్ చెప్పే మాట 4 నుంచి 20 మిల్లీఆంపియర్ల కరెంటు రూపంలో వస్తుంది. సున్నా నుంచి కాకుండా నాలుగు నుంచి ఎందుకు మొదలవుతుందని కొత్తగా వచ్చిన వారిని నేను అడుగుతుంటాను. సున్నా కనిపించిందంటే రీడింగ్ సున్నా అని కాదు, తీగ తెగిందని అర్థం. వైఫై పోతే అన్న ప్రశ్నకు మా పెద్దలు వైఫై పుట్టక ముందే ఇచ్చిన జవాబు అది.

మోడ్‌బస్ 1979 నాటిది, ఇప్పటికీ ఎనర్జీ మీటర్లు, డ్రైవులు ఆర్‌ఎస్-485 తీగల మీద అదే భాష మాట్లాడతాయి. ఒక ఈఎస్‌పీ32కు చిన్న ఆర్‌ఎస్-485 మాడ్యూల్ తగిలించి, ఒక ఎనర్జీ మీటరు నుంచి వోల్టేజి చదివి చూపించండి. ప్లాంటులలో ఉద్యోగం ఇచ్చేవారు ఆ ఒక్క పనిని, పది ఎల్‌ఈడీలు వెలిగించిన ప్రాజెక్టుల కంటే ఎక్కువగా లెక్కలోకి తీసుకుంటారు.

జమ్మికుంట_డిప్లొమా

నాకు ఇప్పుడు బోర్డు కొనేందుకు కూడా వీలు లేదు. హాస్టల్‌లో ల్యాప్‌టాప్‌ను ముగ్గురం పంచుకుంటాం. ఏం చేయగలను?

పాత_రేడియో

వోక్వి అనే సైటులో బ్రౌజర్‌లోనే ఈఎస్‌పీ32, సెన్సర్లు పెట్టుకుని ప్రోగ్రాం నడపవచ్చమ్మా. టింకర్‌క్యాడ్‌లో ఆర్డుయినో ఉన్నది. రెండూ ఉచితమే. తీగ వదులైపోవడం, సోల్డర్ సరిగా అంటకపోవడం వంటి అసలు కష్టాలు అందులో కనిపించవు కానీ, ప్రోగ్రాం మీద పట్టు వస్తుంది. బోర్డు చేతికి వచ్చే లోపు సగం పని అయినట్టే.

సీక్యాట్_రాసినవాడు

ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటెల్‌లో ఐఐటీ ఖరగ్‌పూర్ ఆచార్యులు సుదీప్ మిశ్రా చెప్పిన ఐఓటీ పరిచయ పాఠాలు ఉన్నాయి, 12 వారాలవి. వినడానికి డబ్బు అక్కరలేదు, సర్టిఫికెట్ పరీక్షకు మాత్రమే ఫీజు. సెన్సర్ నెట్‌వర్కులు, ప్రోటోకాల్‌ల పేర్లు ఒక చోట తెలుస్తాయి. అయితే అవి వింటూ కూర్చుంటే చేతికి మసి అంటదు.

డబ్బు పెట్టదలిస్తే, డిగ్రీ అయ్యాక కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ వారి పీజీ డిప్లొమాలు ఉన్నాయి, ఎంబెడెడ్‌కు ఒకటి, ఐఓటీకి ఒకటి. సీ-క్యాట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి, కోర్సు సుమారు ఆరు నెలలు. నేను ఎంబెడెడ్ చేశాను. ఉదయం నుంచి రాత్రి దాకా ల్యాబ్‌లోనే గడిచింది. ఉద్యోగం చేతిలో పెట్టి పంపిస్తారని అనుకోవద్దు. మా బ్యాచ్‌లో సి భాష ముందే వచ్చినవారు నిలదొక్కుకున్నారు, అక్కడికి వచ్చి మొదలుపెట్టినవారు ఆయాసపడ్డారు.

మిర్చి_గిడ్డంగి

రామగుండం సభ్యుడు చెప్పిన 'తీగ తెగడం' మాట చూసి నా కథ గుర్తుకు వచ్చింది. ఎనుమాముల మార్కెట్ వైపు ఒక కోల్డ్ స్టోరేజీలో నేను, మా తమ్ముడు కలిసి ఉష్ణోగ్రత చూసే పరికరాలు బిగించాం. డీఎస్18బీ20 సెన్సర్లు, వేడి హద్దు దాటితే ఫోన్‌కు హెచ్చరిక. మూడో రాత్రి రెండు గంటలకు ఫోన్ మోగింది. మిర్చి గదిలో 85 డిగ్రీలు! యజమాని చొక్కా వేసుకోకుండానే పరుగెత్తాడు, మేము బైకు మీద వెళ్లేసరికి ఆయన తలుపు తీసి చలిలో వణుకుతూ నిలబడి ఉన్నాడు.

జరిగిందేమిటంటే, కంప్రెసర్ ఆన్ అయినప్పుడు కరెంటు ఒక్క క్షణం కుంగింది. ఆ సెన్సర్ కొత్తగా కరెంటు అందుకోగానే, కొలత పూర్తి కాకముందు, తనలో ముందే ఉన్న 85 అన్న అంకెను చూపిస్తుంది. 12 బిట్ల కొలతకు దానికి 750 మిల్లీసెకన్ల దాకా పడుతుంది. ఇదంతా డేటాషీట్‌లో రాసి ఉన్నది. మేము చదవలేదు. తీగ ఊడితే మేము వాడిన లైబ్రరీ మైనస్ 127 చూపిస్తుంది, అది కూడా తర్వాతే తెలిసింది. ఇప్పుడు ఆ రెండు అంకెలు వస్తే పారేసి మళ్లీ కొలవమని రాశాం, వరుసగా మూడు కొలతలు హద్దు దాటితేనే ఫోన్ మోగుతుంది.

ఇంటర్న్‌షిప్‌లు అడిగేవారికి నేను చెప్పేది ఒక్కటే. 85 అంకె కథ తెలిసిన కుర్రాడు దొరికితే వాడి మార్కుల మెమో నేను చూడను.

డేటా_దారి

అదే వడపోతను సర్వరులోనూ పెట్టండి. నిజంగా మంటలు లేస్తే 85 రావచ్చు కదా, పారేసిన రీడింగులను కూడా వేరుగా దాచుకోండి.

తాళంచెవి

ఎవరూ ఎత్తని మాట ఒకటి ఉన్నది. 2016లో మిరాయ్ అనే దుష్ట ప్రోగ్రాం ఇళ్లలోని కెమెరాలు, రౌటర్లలోకి చొరబడి, వాటన్నిటినీ కలిపి ఆ అక్టోబరులో డైన్ అనే డీఎన్‌ఎస్ (సైట్ల పేర్లను చిరునామాలుగా మార్చే) సంస్థ మీదకు తోలింది. పెద్ద పెద్ద సైట్లు గంటల తరబడి తెరుచుకోలేదు. దానికి మంత్రవిద్య ఏమీ అవసరం కాలేదు, కంపెనీ పెట్టి ఇచ్చిన పాస్‌వర్డులను ఎవరూ మార్చకపోవడమే చాలింది. ఎంక్యూటీటీని 1883 పోర్టులో తెరిచి వదిలేయకుండా, టీఎల్‌ఎస్ అనే గుప్తీకరణతో 8883లో నడపడం మొదటి ప్రాజెక్టు నుంచే అలవాటు చేసుకోండి. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే పరీక్షా బ్రోకర్‌లో మీ మోటరు టాపిక్ పెట్టారంటే, దానిని ప్రపంచంలో ఎవరైనా ఆన్ చేయవచ్చు.

మోటరు_డాక్టర్

చేస్తే చేయనివ్వండి, పొద్దున్నే లేచి నీళ్లు పెట్టే బాధ తప్పుతుంది.

హన్మకొండ_ఈసీఈ

ఏడు వారాల తర్వాత వస్తున్నాను. అమీర్‌పేట కోర్సుకు డబ్బు కట్టలేదు. గుజరాతీ గల్లీ నుంచి సామాను తెచ్చుకుని, మా ఇంటి మీది నీళ్ల ట్యాంకులో ఎంత నీరున్నదో చూసే పరికరం నేనే చేశాను. హెచ్‌సీ-ఎస్‌ఆర్04 అల్ట్రాసోనిక్ సెన్సర్, ఈఎస్‌పీ32, ఇంట్లో పాత ల్యాప్‌టాప్‌లో మస్కిటో అనే ఎంక్యూటీటీ బ్రోకర్. ఈ రోజుకు 31 రోజులుగా నడుస్తున్నది. నోటు పుస్తకంలో ప్రతి రీసెట్‌నూ, దాని కారణాన్నీ రాస్తున్నాను. మొత్తం తొమ్మిది రీసెట్‌లు. అందులో ఆరు వోల్టేజి కుంగినప్పుడు వచ్చే బ్రౌన్‌అవుట్‌లు. అడాప్టర్ మార్చాక అవి ఆగిపోయాయి. బ్యాటరీ వోల్టేజి చదవబోతే వైఫై ఆన్ అయినప్పుడల్లా చెత్త అంకెలు వచ్చాయి. వైఫై నడిచేటప్పుడు వోల్టేజి కొలిచే ఏడీసీ2 పిన్నులు పని చేయవని తెలుసుకోవడానికి నాలుగు రోజులు పట్టింది.

నిన్న మరొక ఇంటర్వ్యూకు వెళ్లాను. ఆ నోటు పుస్తకం ముందు పెట్టాను, ఇరవై నిమిషాలు దాని మీదే మాట్లాడారు. తర్వాత ఆర్‌టీఓఎస్‌లో (పనులను సమయానికి నడిపే చిన్న ఆపరేటింగ్ సిస్టం) ప్రయారిటీ ఇన్వర్షన్ అంటే ఏమిటని అడిగారు. తెలియదన్నాను. ఫలితం ఇంకా చెప్పలేదు.

రాత్రి_ఫర్మ్‌వేర్

తెలియనిదానిని తెలియదన్నారు, మంచి పని చేశారు. 1997లో అంగారకుడి మీద దిగిన పాత్‌ఫైండర్ అదే సమస్యతో పదే పదే రీసెట్ అయింది. తక్కువ ప్రాధాన్యం ఉన్న పని ఒక తాళం పట్టుకుని ఉండగా, ఆ తాళం కోసం ముఖ్యమైన పని ఎదురుచూస్తుంటే, మధ్య ప్రాధాన్యం ఉన్న పని దూరి ఇద్దరినీ ఆపేసింది. అది చదివాక, ఫ్రీఆర్‌టీఓఎస్‌లో మూడు టాస్కులు రాసి ఆ చిక్కును మీరే సృష్టించి చూడండి, ఈఎస్‌పీ32 మీద అది ఎలాగూ ఉన్నది.

పాత_రేడియో

నాకొక అనుమానం. ఆ సెన్సర్‌కు 5 వోల్టులు ఇస్తున్నారు కదా, దాని జవాబు సంకేతం వచ్చే ఎకో పిన్నును నేరుగా ఈఎస్‌పీ32కు కలిపారా?

హన్మకొండ_ఈసీఈ

నేరుగానే కలిపాను. 31 రోజులుగా పని చేస్తున్నది కదా అని ఊరుకున్నాను.

పాత_రేడియో

ఆ చిప్ పిన్నులు 3.3 వోల్టులవి. ఇన్ని రోజులు ఓర్చుకున్నది, రేపు కూడా ఓర్చుకోవాలని లేదు. ఎకో నుంచి ఒక కిలో ఓమ్, అక్కడి నుంచి గ్రౌండ్‌కు రెండు కిలో ఓమ్‌లు పెట్టి, మధ్య నుంచి పిన్నుకు తీసుకోండి.

హన్మకొండ_ఈసీఈ

రెండు కిలో ఓమ్‌లది లేదు, ఒక కిలో ఓమ్‌వి మూడు ఉన్నాయి. రెండింటిని వరుసగా కలుపుతాను. పొద్దున్నే ట్యాంకు ఎక్కి పెట్టి వస్తాను.

మోటరు_డాక్టర్

ఎక్కే ముందు మెయిన్ ఆపి ఎక్కండి తమ్ముడూ. నోటు పుస్తకంలో పదో రీసెట్ అని రాసుకోవచ్చు.